లేని గ్రహానికి నేను గీసిన మతం

కంప్యూటర్ ఆటలకు బొమ్మలు గీసే పనిలోకి వెళ్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. “మీరు మాకంటే ముందే గీ పని చేసిండ్రట గద, ఏమన్న చెప్పుండ్రి” అని అడుగుతారు. నా మొహం, నాకేం తెలుసని చెప్పాలి? నేను పనిచేసింది ఒకే ఒక్క ఆటకు. దాన్ని మీలో ఎవరూ ఆడి ఉండరు, పేరు చెప్పినా గుర్తుపట్టరు. అయితే ఆ ఒక్క ఆటలో నేను చేసిన తప్పు మాత్రం చిన్నది కాదు. అది చెప్తాను, వినండి. విసుగొస్తే మధ్యలో లేచి వెళ్ళండి, ఏమీ అనుకోను.

నేను అసలు బోర్డులు రాసేవాణ్ని. నారాయణఖేడ్‌లో డెబ్బైల చివర మా ఉస్తాదు పక్కన కుంచె పట్టాను. ఆయన తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ రాసేవాడు. మా రాత లేని కిరాణా దుకాణం, దవాఖాన, సైకిల్ షాపు ఆ చుట్టుపక్కల ఉండేది కాదు. కల్హేర్ అంగడికి పోతే మేం రాసిన బోర్డులే మాకు ఎదురొచ్చేవి. ఇరవై ఏళ్ళు ఇద్దరం ఒకే డబ్బాలో కుంచెలు ముంచాం. ఒకసారి ఆయన సినిమా హాలు గోడ మీద రాస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. నిచ్చెన పట్టుకోవాల్సింది నేను. బీడీ కోసం పక్కకు పోయాను. అప్పటి నుంచి ఆయన ఎడమ కాలు ఈడ్చి నడిచేవాడు. ఆ మాట ఆయన నా ముందు ఎన్నడూ ఎత్తలేదు, ఇంకొకరి ముందు ఎత్తినట్టు కూడా నాకు తెలియదు.

మా పనిలో నాకో అలవాటు ఉండేది. సబ్బు కంపెనీ గుర్తో, టీపొడి కంపెనీ పువ్వో గోడ మీద దించాల్సి వస్తే ఒక్క రేక ఎక్కువ వేసేవాణ్ని. ఎవరైనా వచ్చి మా గుర్తు ఎందుకు వాడావని అడిగితే, లెక్కపెట్టుకోమని చూపించడానికి. ఒకటి మారిస్తే బొమ్మ మనదైపోతుందని నా నమ్మకం. ఉస్తాదుకు ఈ తెలివి నచ్చేది కాదు, అయినా ఊరుకునేవాడు.

తొంభైల చివరికి వచ్చేసరికి చేతి రాత బోర్డులు తగ్గిపోయాయి. అచ్చు వేసిన రేకులు పట్నం నుంచి దిగుతున్నాయి. ఉస్తాదుకు చేతులు వణకడం మొదలై కుంచె పక్కన పెట్టాడు. నాకు చేతులు బాగానే ఉన్నాయి గానీ పని లేదు. అప్పుడే సిర్గాపూర్ వైపు కుర్రాడొకాయన పట్నంలో చదువుకుని వచ్చి, బస్టాండు ఎదురుగా మేడ మీద గదిలో మూడు కంప్యూటర్లు పెట్టాడు. బొంబాయి వాళ్ళెవరో ఆయనకు ఒక ఆట తయారుచేసే పని ఇచ్చారు. పట్నంలో బొమ్మలు గీసేవాళ్ళు కుదురుగా నిలవడం లేదని, ఊళ్ళో అయితే ఎక్కడికీ పోరని ఆలోచించి నన్ను పనిలో పెట్టుకున్నాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, అయినా నేను సారూ అనేవాణ్ని, ఆయన నన్ను అన్నా అనేవాడు.

మూడో మనిషి ఒక అమ్మాయి. బీదర్ వైపు పిల్ల, ఇక్కడ చిన్నమ్మ ఇంట్లో ఉండేది. నేను గీసిన బొమ్మలను నడిపించేదీ, ఉరికించేదీ, చంపేదీ ఆమే. మాట్లాడేది తెలుగే గానీ మధ్యలో కన్నడం దొర్లేది.

మొదటి మూడు రోజులు మౌసు పట్టుకోవడమే నాకు రాలేదు. బాణం గుర్తు తెరకు అవతలికి పోయిందని బల్ల వెనక వెతికాను. నవ్వండి, ఆ పిల్ల కూడా నవ్వింది. తర్వాత సంగతి అర్థమైంది. తెర నిండా సన్నటి గళ్ళు ఉంటాయి, ఒక్కో గడికి ఒక్కో రంగు నింపాలి. మనిషి మొత్తం బొటనవేలి గోరంత చోటులో పట్టాలి. ముక్కు పెడితే కళ్ళకు చోటుండదు. గోడ నిండా గీసే చెయ్యి ఆ గోరంతలో ఇరుక్కుని వారం రోజులు విలవిల్లాడింది. తర్వాత దారికొచ్చింది.

ఆట సంగతి ఏమిటంటే, భూమి మీంచి ఒక సిపాయి ఇంకో గ్రహానికి వెళ్తాడు. అక్కడి గనుల్లోంచి మెరిసే రాళ్ళు తేవాలి. ఆ గ్రహం జనం అడ్డమొస్తారు. వాళ్ళకు ఒక మతం ఉండాలని బొంబాయి వాళ్ళు చెప్పారట.

“అన్నా, వాళ్ళకో గుడి గావాలె, పూజారి గావాలె, జెండా గావాలె” అన్నాడు మా ఓనరు. “కని సూసినోడు ఎవ్వడు గూడ గిది మాది అనొద్దు. అన్నడంటే మన దుకాణం బంద్.”

వాడకూడనివి ఒక కాగితం మీద రాసి గోడకు అతికించాను. శూలం వద్దు, నెలవంక వద్దు, శిలువ వద్దు. కాషాయం, ఆకుపచ్చ, తెలుపు వద్దు. చెట్టు, పాము, పాదాలు, దీపం, గంట వద్దు. చివరికి కుండ ఒకటి మిగిలింది.

“కుండ బేడ అణ్ణా, మా ఊళ్ళె కుండకే మొక్కుతరు” అంది ఆ పిల్ల. కుండనూ కొట్టేశాను.

ఇక మిగిలిందేముంది? నా బుర్రలోంచి తీశాను. మూడు నోళ్ళున్న దేవుడు, కళ్ళు లేవు. నల్లరాళ్ళ గుడి. బూడిద రంగు అంగీల పూజారులు, ఒక్కొక్కరి చేతిలో మూరెడు కత్తి. ఆ దేవుడి నోళ్ళ మీదే మూడు రోజులు కూర్చున్నాను. ఓనరు చూసి భయమవుతుందని మెచ్చుకున్నాడు. జెండా దగ్గరికి వచ్చేసరికి పొడుగాటి కట్టె, పైన ఇత్తడి అరచెయ్యి, దానికి వేలాడే రంగు గుడ్డలు గీశాను. చేతికి ఆరు వేళ్ళు పెట్టాను. ఆరు వేళ్ళ దేవుడు ఎవరికున్నాడు? ఎవరికీ లేడు. నా పాత విద్య భలే పనికొచ్చిందని మురిసిపోయాను. అంత మొద్దుబుర్ర నాది.

ఆ జెండా పట్టుకుని ఒకడు గుంపుకు ముందు నడవాలి. నడకకు ఎనిమిది బొమ్మలు గీస్తే వాటినే తిప్పి తిప్పి చూపిస్తారు. మిగతా వాటికి రోజులు పట్టింది గానీ ఈ ఎనిమిదీ ఒక్క పూటలో అయిపోయాయి. “అణ్ణా, గీ నడక అస్సల్ మనిషి నడకలెక్కనే ఉంది, యాడ నేర్చినవ్?” అని ఆ పిల్ల అడిగితే, చేతికి అదే వచ్చిందన్నాను. అబద్ధం చెప్పలేదు. నిజంగానే నాకు తెలియదు.

ఆటలో జెండా మోసేవాణ్ని కాల్చి పడేస్తే మిగతా గుంపు పారిపోతుంది. అందుకు ఆడేవాడికి వంద మార్కులు.

పని ఒక రూపానికి రాగానే ఉస్తాదును పిలిచాను. గొప్పకే పిలిచాను, ఒప్పుకుంటున్నా. ఆయన ఉతికిన లాల్చీ వేసుకుని, కళ్ళద్దాల డబ్బా పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాడు. రంగు వాసన లేకుండా రంగులు ఎక్కడి నుంచి వస్తున్నాయని తెర వెనక్కి తొంగి చూశాడు. నేను గీసిన రాళ్ళు చూసి, నీడ బాగా కుదిరిందన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు రావడమంటే మామూలు విషయం కాదు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల ఆట మొదలుపెట్టింది. సిపాయి గుట్ట దిగాడు. అవతలి నుంచి గుంపు వచ్చింది, ముందు జెండావాడు. ఆ పిల్ల రెండు దెబ్బలు కొట్టింది. వాడు పడిపోయాడు, మూలన వంద అని వెలిగింది.

“ఆగు బేటీ” అన్నాడు ఉస్తాదు. “వాన్ని మల్లొకపారి నడిపియ్యి.”

ఆ పిల్ల మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. ఆయన అద్దాలు సర్దుకుని తెర దగ్గరగా వంగాడు. మూడోసారి కూడా నడిపించమన్నాడు. తర్వాత తల వంచి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. అప్పుడు నాకు వెలిగింది. మా బస్తీలో పీర్ల పండగకు పీరు ఎత్తుకునేది ఆయనే. కట్టె మీద ఇత్తడి పంజా, దానికి మొక్కుబడుల గుడ్డలు, ముందు ఆయన, వెనక జనం, ఆ ఊరేగింపునే సవారి అంటాం. హిందువులం, ముస్లింలం అందరం ఆ వెనకే నడిచేవాళ్ళం. ఎడమ కాలు ఈడ్చి, కుడి భుజం ఎత్తి, బరువును అటు నుంచి ఇటు మార్చుకుంటూ వెళ్ళే ఆ నడకను ఎన్నో ఏళ్ళుగా వెనక నుంచి చూశాను. ఎనిమిది బొమ్మల్లో అదే దిగింది.

“ఉస్తాద్, గది గాదు” అన్నాను గాబరాగా. “గిది ఆరు వేళ్ళది, సూడు.”

“నేను వేళ్ళు లెక్కబెడ్తున్ననా? కాలు సూస్తున్న” అన్నాడాయన. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

ఆయన ఆ పిల్ల వైపు తిరిగాడు. “వీన్ని ఎందుకు కాలుస్తుండ్రు బేటీ?”

“ఆటల దుష్మన్ తాతా” అంది మెల్లగా.

“అచ్ఛా. ఏం జేసిండు?”

ఏమీ చేయలేదు. జెండా పట్టుకుని నడుస్తున్నాడు, అంతే. “వాని ఎన్క గింత మంది ఒస్తుండ్రు” అన్నాడు ఉస్తాదు ఈసారి నాతో. “ఊకెనే ఒస్తరా? ఒక్కలకన్న ఏదన్న ఆపతి ఉంటది గద. ఏమడుగుతుండ్రు వీళ్ళు?”

దేవుడికి నోళ్ళెన్నో ఆలోచించాను గానీ, జనం ఏమడుగుతారో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన అద్దాలు తీసి డబ్బాలో పెట్టుకున్నాడు. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. ఒక్కడే దిగి వెళ్ళిపోయాడు.

సిగ్గుతో నాలుగు రోజులు వాళ్ళ గల్లీ వైపు పోలేదు. ఇంట్లో చెప్తే మా ఆవిడ పప్పు తిప్పుతూనే ఒక్క మాట అంది. “నిచ్చెన కాడ ఒకపారి, గిప్పుడు ఒకపారి.”

ఓనరు దగ్గరికి వెళ్ళి మతం మొత్తం మార్చాలన్నాను. ఆయన తల పట్టుకున్నాడు. పది రోజుల్లో బొంబాయి వాళ్ళు చూడటానికి వస్తున్నారు. “గంత పరేషాన్ ఎందుకన్నా? కుంటుడు తీసెయ్. నడక సీదా అయితది, కథ ఒడుస్తది” అన్నాడు. వినడానికి బాగానే ఉంది, అది నా విద్యే కదా, ఒకటి మార్చడం. కూర్చుని ఎనిమిది బొమ్మల్లోనూ కాలు సరిచేశాను. ఆ పిల్ల నడిపించింది. జెండావాడు నిటారుగా నడిచొచ్చాడు, రెండు దెబ్బలకు పడ్డాడు. నా కంటికి వాడు ఇంకా ఉస్తాదే. కాలు బాగుపడ్డ ఉస్తాదును చంపుతున్నాం, అంతే తేడా.

“సారూ, వాన్ని కాల్చుడు ఉంటే నేనుండ” అన్నాను.

“ఒక్క బొమ్మ కోసం నౌకరి ఇడిసిపెడ్తవా?”

“నాకు బొమ్మలెక్క కనిపిస్తలేదు.”

అనడమైతే అన్నాను. బోర్డుల పని పోయింది. ఇదీ పోతే ఇంట్లో కూర్చోవడం తప్ప దారి లేదు. ఓనరుకు నా అవసరం ఉంది, నాకు ఆయన అవసరం అంతకంటే ఎక్కువ ఉంది. ఇద్దరం మొహాలు గంటు పెట్టుకుని కూర్చుంటే ఆ పిల్లే అడ్డుపడింది. తెర వెనక లెక్కల్లో ఎవరు శత్రువో వాళ్ళకు ఒక గుర్తు పెడతారట. “గా గుర్తు తీసి సూస్త సార్, ఒక్క దినం” అంది. తీసేసింది. ఇప్పుడు తూటాలు ఆ గుంపులోంచి అవతలికి పోతున్నాయి. గుంపు తన దారిన తాను నడుస్తోంది. సిపాయి తుపాకీ పట్టుకుని వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాడు.

ఓనరు చూసి, “మరి ఆడేటోడు ఏంజెయ్యాలె? సవారి సూసుకుంట నిలవడాల్నా?” అన్నాడు. ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. రెండు రోజులు గడువిచ్చాడు.

ఆ సాయంత్రం ఉస్తాదు ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు విడిచి, నిలబడే చెప్పాను. “ఉస్తాద్, తప్పయింది. నీ కాలు గూడ నా వల్లనే పోయింది, మల్ల గా కాలునే ఆటల పెట్టి కాల్పిచ్చిన.” నిచ్చెన సంగతి నేనైనా పైకి అనడం అదే మొదటిసారి.

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. తర్వాత కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు. “కూసో. వాళ్ళు ఏమడుగుతుండ్రో తెలిసిందా?”

“తెల్వలె. నువ్వే చెప్పు.”

“ముప్పై ఏండ్లాయె నేను పీరెత్తవట్టి” అన్నాడు. “గుడ్డ కట్టేటప్పుడు ఆడోళ్ళు మెల్లగ చెప్తరు, నాకు వినవడ్తది. ఒకామె పెనిమిటి పనికి పట్నం పోయి మల్ల రాలె. ఒకామె బర్రె తప్పిపోయింది. మనూర్‌కెల్లి ఒచ్చినాయన వాన ఎప్పుడు పడ్తదని ఏడ్సిండు. దేవుడు ఎట్లుంటడని నన్ను ఇంతవరదాక ఒక్కరు అడగలె. పిల్లకు జరం తగ్గుతదా అని అడిగిండ్రు.”

ఆయనే మళ్ళీ అడిగాడు. “నీ సిపాయికి దెబ్బలు తగుల్తయా?”

“తగుల్తయి. పైన ప్రాణం గీత ఉంటది, తగ్గుకుంట పోతది.”

“మరి వాడు గూడ అడగాలె గద.”

“వాడు బయటోడు ఉస్తాద్. వాళ్ళ రాళ్ళు ఎత్కపోనీకి ఒచ్చినోడు.”

“సవారిల షర్బత్ పోసేటోడు నువ్వెవ్వలు అని అడిగి పోస్తడా?” అన్నాడు. ఇక నేను అడగాల్సిందేమీ మిగల్లేదు. లేచేటప్పుడు, కుంటు తీసేశానని చెప్పాను, ఊరట కలుగుతుందేమోనని. ఆయన మొహం చిట్లించాడు. “ఇగ వాడు దుష్మన్ గాదు, మంచోడయిండు గద. మంచోనికి నా నడక పనికిరాదా?”

మరునాడు మూడు నోళ్ళ దేవుణ్ని తీసేశాను. దేవుడి బొమ్మే పెట్టలేదు. కత్తులు పోయాయి. గుంపులో ఒక ముసలామెను, భుజాన పిల్లను వేసుకున్న తండ్రిని, ఖాళీ తాడు చేత పట్టుకుని తప్పిపోయిన పశువు కోసం వెతికేవాణ్ని పెట్టాను. ఒకరి చేతిలో కుండ పెట్టాను. గోడ మీద కాగితం అడ్డం చెప్పింది గానీ దాన్ని చింపేశాను. ఆ ఇత్తడి చేతిని మాత్రం ఉంచలేదు. అది ఎవరిదో వాళ్ళకే వదిలేశాను. కట్టెకు వట్టి రంగు గుడ్డలే కట్టాను, ఒక్కో గుడ్డ ఒక్కో మనిషి కోరిక అనుకుని. కాలు ఈడ్చే ఎనిమిది బొమ్మలూ మళ్ళీ పెట్టాను. ఆ పిల్ల లెక్క మార్చింది. సిపాయి తుపాకీ దించి నిలబడితే గుంపు ఆగుతుంది, కుండవాడు తాగడానికి పోస్తాడు, ప్రాణం గీత నిండుతుంది. తుపాకీ ఎత్తి ఉంటే వాళ్ళు అతన్ని చూడనట్టే దాటిపోతారు.

ఓనరు వచ్చి కూర్చున్నాడు. అలవాటు చొప్పున కాల్చాడు. వాళ్ళు దాటిపోయారు. గనుల దగ్గర దెబ్బలు తిని, గీత సన్నపడి, మళ్ళీ గుంపు ఎదురైనప్పుడు మెల్లగా తుపాకీ దించాడు. గీత నిండింది. “ఆడేటోనికి గసొంటి జాగ ఒకటి గావాలె అన్నా. గిది నడుస్తది” అన్నాడు. ఆయన ఆట లెక్కలో అన్నాడు, నేను నా లెక్కలో దండం పెట్టుకున్నాను. నన్ను వెళ్ళగొట్టే హక్కుండి కూడా రెండు రోజులు ఆగినందుకు ఈ రోజుకీ ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ బీదర్ పిల్లకైతే ఇంకా ఎక్కువ.

బొంబాయి నుంచి ఇద్దరు వచ్చారు. ఎండాకాలం, సరిగ్గా ఆట మొదలుపెట్టగానే కరెంటు పోయింది. గంట సేపు అట్టలతో విసురుకున్నారు. కరెంటు వచ్చాక ఒకాయన గుంపును తెగ కాల్చాడు, ఏమీ కాలేదు. తుపాకీ దించి చూడమని రెండో ఆయన నవ్వుతూ చెప్పాడు. అయ్యాక, ఇది ఏ ఊరి మతం అని అడిగారు. మా ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏ ఊరిదీ కాదు, ఉత్త ఊహ అన్నాడు. నేను కిటికీలోంచి బస్టాండు వైపు చూస్తూ నిలబడ్డాను. చిన్న చిన్న మార్పులు చెప్పి, ఇంకో నెల గడువిచ్చి వెళ్ళారు.

ఆ నెలలోనే పీర్ల పండగ వచ్చింది. ఆఖరి రోజు పగలు, పీర్ల కొట్టం ముందు అందరం గుమికూడాం. ఉస్తాదు లోపలి నుంచి నన్ను పిలిచాడు. వణుకుతున్న రెండు చేతులూ చూపించాడు. “ఇగ నాతోని గాదు. నువ్వు వట్టు.”

“నేనా? గా పని చేసినంక గూడనా?”

“చేసినవ్, దిద్దుకున్నవ్. వట్టు, జల్ది, జనం నిలవడ్డరు.”

ఎత్తుకున్నాను. ఆయన పక్కనే ఉండి భుజం ఎలా పెట్టాలో సరిచేశాడు. బజారు మలుపుకు వచ్చేసరికి చేతులు పీకడం మొదలైంది. ఎవరెవరో వచ్చి గుడ్డ కట్టి, చెవి దగ్గర మెల్లగా చెప్పుకున్నారు. చంకలో పిల్లతో ఒకామె చెప్పింది కూడా విన్నాను, అది బయటికి చెప్పేది కాదు. ఒక్కో గుడ్డ కట్టినప్పుడల్లా కట్టె ఇంకాస్త కిందికి లాగింది. కళ్ళ నిండా నీళ్ళు, చెమటో ఏడుపో నాకే తెలియలేదు.

మరునాడు పొద్దున్నే వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. జెండావాడి అడుగుకూ అడుగుకూ మధ్య ఆగే సమయం పెంచమన్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం అని నాలుగుసార్లు పెంచించాను. ఓనరు వచ్చి చూసి, వీడేంది గింత మెల్లగ నడుస్తుండు అని అడిగాడు.

“బరువుంటది సారూ” అన్నాను. “నిన్న మోసిన.”